అన్నయ్య చెప్పిన పేరు

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్‌లో "చిన్నోడు ఇంటికొచ్చేశాడురా, అంతా బాగానే ఉంది" అని పెట్టేశాను. పక్కనే వదిన ఉంది, అంతకంటే మాట్లాడలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

వాణ్ణి ట్యూషన్ దగ్గర ఎత్తుకెళ్లింది మా టైల్స్ షాపులో పని మానేసిన కుర్రాడే. మర్నాడే దొరికిపోయాడు. పిల్లాడి ఒంటి మీద గీత కూడా పడలేదు. కొత్త చట్టం, అదే భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 140(2) అట, పాత ఐపీసీలో 364ఎ అన్నమాట. డబ్బు కోసం ఎత్తుకెళ్లి, చంపుతాననో కొడతాననో బెదిరిస్తే ఉరి గానీ యావజ్జీవం గానీ. ఆ సంగతి కోర్టు చూసుకుంటుంది. ఇంటి సంగతే ఎవరూ చూడట్లేదు.

ఆ రాత్రి ఎస్సై "ఎవరి మీదైనా అనుమానం ఉందా?" అంటే అన్నయ్య ఠక్కున బావ పేరు చెప్పాడు. చిట్టీ డబ్బుల గొడవ నీకు తెలిసిందేగా. 2010లో బెజవాడని అట్టుడికించిన నాగవైష్ణవి కేసు, పాపని ఎత్తుకెళ్లి చంపేశారే, గుర్తుందా? బంధువే చేయించాడని తేలి, 2018లో యావజ్జీవం పడింది. అది చూసిన ఊళ్లో ఎవడి బుర్రయినా ముందు చుట్టాల వైపే పోతుంది. బావని తెల్లవార్లూ స్టేషన్లో ఉంచారు. కొట్టలేదు గానీ, చెప్పులు విప్పించి నేల మీద కూర్చోబెట్టారట. అక్క చెప్పింది ఆ ఒక్క ముక్కే.

తర్వాత చిట్టీ డబ్బు వడ్డీతో సహా కవర్లో పెట్టి పంపింది అక్క. లోపల పైసలతో సహా లెక్క కాగితం. పైన "టైల్స్ షాపు ఓనరు గారికి" అని రాసింది, సొంత అన్నకి! అన్నయ్య ఆ కాగితం పర్సులో పెట్టుకు తిరుగుతున్నాడు గానీ గుణదలలో అక్క వాళ్లింటి దాకా వెళ్లడు. "పోలీసులు అడిగారు, చెప్పాను" అంటాడు. నన్నడిగితే, చెప్పడం తప్పు కాదు. తెల్లారాక స్టేషన్‌కి వెళ్లి బావని తనే ఇంటికి తీసుకురాకపోవడం తప్పు.

ఇంకో విచిత్రం విను. పటమట నాస్తిక కేంద్రం వాళ్లతో నిప్పుల మీద నడిచొచ్చి అమ్మని ఏడిపించేవాడు చూడు, ఆ అన్నయ్యే ఇంద్రకీలాద్రి మెట్లెక్కి గుండు కొట్టించుకున్నాడు! అమ్మేమో శుక్రవారం కొండకి వెళ్లడం మానేసింది. "మనవణ్ణి ఇచ్చింది సరే, అల్లుడికి జరిగింది చూస్తూ ఊరుకుందిగా" అంటుంది. అమ్మవారి మీద కోపమో, కొడుకు మీద కోపమో నాకైతే అర్థం కావట్లేదు.

చిన్నోడు హుషారుగానే ఉన్నాడు. కాకపోతే వీధిలోకొచ్చిన ప్రతి బండి నంబరూ లెక్కల పుస్తకం వెనక రాసుకుంటున్నాడు. "మామయ్య బండి అసలు రాలేదు బాబాయ్" అని వాడే చెప్పాడు. ఎందుకు రాలేదో మాత్రం వాడికి ఎవరూ చెప్పలేదు.

సంక్రాంతికి వస్తావుగా, ముందు అక్క వాళ్లింటికి వెళ్లు. నేను వెళ్తే అక్క కాఫీ ఇస్తుంది, బావ పేపరు అడ్డం పెట్టుకుంటాడు. నువ్వు పేకాట జోడీవి, నీ ముందు పేపరు పట్టుకోలేడు. నేను పంపానని చెప్పకు. ఈలోపు అన్నయ్యని నేను కదిలిస్తాను. ఫోన్ చేస్తే పాత నంబరు నుంచే చెయ్. కొత్త నంబరైతే వదిన స్పీకర్‌లో పెట్టి ఇల్లంతా పోగేస్తోంది.

నీ
రవి