ఆ రైలు తలకిందులుగా ఎందుకుందంటే

చిట్టితల్లీ,

న్యూయార్క్ గుగ్గెన్‌హైమ్ మ్యూజియంలో తీసి పంపిన ఫొటో చూశాను. "రైలు తలకిందులుగా ఉంది, పిల్లికి మనిషి ముఖం ఉంది, దీనర్థం ఏంటి నాన్నా?" అన్నావు. అడిగినందుకే చాలా సంతోషం వేసింది.

అది మార్క్ షగాల్ అనే చిత్రకారుడు 1913లో వేసిన 'కిటికీలోంచి ప్యారిస్' అనే బొమ్మ. ఆయనది ఇప్పటి బెలారస్‌లోని వీటెబ్‌స్క్, అప్పట్లో అది రష్యా సామ్రాజ్యంలో ఉండేది. పేద యూదుల కుటుంబం. 1910లో ప్యారిస్ చేరాడు.

ముందు పిల్లినీ రైలునీ పక్కన పెట్టి ఆకాశం చూడమ్మా. నీలం, తెలుపు, ఎరుపు, పసుపు పెద్ద పెద్ద పలకలుగా కోసుకుంటూ పోతాయి. అప్పట్లో ఐఫిల్ టవర్‌ని మళ్ళీ మళ్ళీ గీస్తున్న రాబర్ట్ డెలానే షగాల్‌కి స్నేహితుడు. రంగుల్ని ఇలా విరగ్గొట్టడంలో ఆయన ప్రభావం కనిపిస్తుంది. కొత్త నగరంలో అడుగుపెట్టినవాడికి వెలుగంతా ఒక్కసారి కళ్ళమీద పడితే ఎలా ఉంటుందో, నాకు ఆ ఆకాశంలో అదే కనిపిస్తుంది.

అన్నీ ఊహలనుకోకు. పారాచూట్‌తో దిగుతున్న మనిషిని చూశావుగా? 1912లో ఫ్రాంజ్ రైషెల్ట్ అనే దర్జీ, తాను కుట్టిన పారాచూట్ సూట్ వేసుకుని ఐఫిల్ టవర్ మీదనుంచి దూకి చనిపోయాడు. షగాల్ ఆయన్నే గీశాడని అనను. కానీ ఆ రోజుల్లో ప్యారిస్ వాళ్ళకి పారాచూట్ అంటే పేపర్లో చదివిన వార్త.

కుడివైపు కింద రెండు ముఖాల మనిషి ఉన్నాడు, అరచేతిలో గుండెతో. ఒక ముఖం పడమర ఫ్రాన్స్ వైపు, ఇంకొకటి తూర్పున వదిలొచ్చిన రష్యా వైపు చూస్తోందని విమర్శకులు చెబుతారు. నాకిది నిజమే అనిపిస్తుంది. ఊరొదిలి వెళ్ళిన పిల్ల ఉన్న ఇంట్లో కూర్చుని చూస్తున్నాను కదా!

అలాగని ప్రతిదానికీ ఇలా లెక్క కట్టకు. తన బొమ్మలకు ఇదే అర్థమని తేల్చి చెప్పడం షగాల్‌కే నచ్చేది కాదు. రైలు తలకిందులుగా ఉంటే ఉండనీ. నీకు కళ్ళు తిరిగినట్టుంటే, చాలావరకు బొమ్మ అర్థమైనట్టే.

1914లో ఆయన ఇంటికెళ్ళి, ప్రపంచయుద్ధం రావడంతో అక్కడే చిక్కుకుపోయాడు. మళ్ళీ ప్యారిస్ చేరింది 1923లో. ఈ బొమ్మ వేసేటప్పటికి అదేమీ తెలియదు పాపం.

వీలైతే మళ్ళీ వెళ్ళు. ఈసారి ఫొటో తీసేముందు కాసేపు దూరంగా నిలబడి చూడు. గాల్లో అడ్డంగా తేలుతున్న జంట దగ్గర నీకేమనిపించిందో ఫోన్‌లో చెప్పకు, రాసి పంపు. నీ రాతలో చదవాలని ఉంది.

ప్రేమతో,
నాన్న