కొలువు పేరులోనే ఆడపిల్లలను కాదనకండి

సంపాదకుల వారికి నమస్కారం.

నేను ఐటీఐలో డ్రాయింగ్ నేర్పే బోధకురాలిని. మా ట్రేడు పేరు డ్రాఫ్ట్స్‌మన్ సివిల్, అంటే భవనాల నక్షాలు గీసే పని. పదో తరగతి పాసైనవారికి రెండేళ్ల కోర్సు. ప్లాను, ఎలివేషన్, సెక్షన్ ముందు చేత్తో గీయిస్తాం, తరవాత ఆటోక్యాడ్ అనే కంప్యూటర్ ప్రోగ్రాంలో చేయిస్తాం. మా తరగతిలో ఆడపిల్లలు చాలామందే ఉంటారు, గీత శుభ్రంగా గీస్తారు. రెండేళ్లూ కష్టపడి వాళ్లు అందుకునే సర్టిఫికెట్‌లో మాత్రం ‘డ్రాఫ్ట్స్‌మన్’ అనే ఉంటుంది. కరెంటు వైరింగు నేర్పే మరో ట్రేడు పేరు వైర్‌మన్. అమ్మాయిని అందులో చేర్పించమంటే తల్లిదండ్రులు పేరు వింటూనే “అది మగపిల్లల కోర్సు కదమ్మా” అంటారు. ఏం నేర్పుతారో కూడా అడగరు.

ఈమధ్య మా విద్యార్థిని ఒకమ్మాయి ‘డ్రాఫ్ట్స్‌మన్ కావలెను’ అన్న ప్రకటన చూసి ఫోన్ చేసింది. ఆటోక్యాడ్ వచ్చా అని అడగడానికి ముందే “ఎవరికోసం, మీ తమ్ముడికా?” అని అడిగారట. నాకేనండీ అంటే, సైటుకు తిరగాలి, మగవాళ్లే కావాలని ఫోన్ పెట్టేశారు.

మగవాడు అనే అర్థమున్న ఆ ‘మన్’లో స్త్రీలూ ఉన్నారని ఇంగ్లీషు బాగా తెలిసినవారు నాకు నచ్చజెబుతుంటారు. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 13వ సెక్షన్ కూడా అదే చెబుతోంది: కేంద్ర చట్టాల్లో పుంలింగంలో ఉన్న మాటలు స్త్రీలకూ వర్తిస్తాయి. ఆచరణలో ఏం జరిగిందో చూడండి. తెలంగాణలో 2019లో కరెంటు లైన్లు చూసే జూనియర్ లైన్‌మన్ ఉద్యోగాలకు ప్రకటన వేసి, మహిళలు అర్హులు కారన్నారు. కొందరు యువతులు హైకోర్టుకు వెళ్లి అనుమతి తెచ్చుకున్నారు, రాత పరీక్ష రాశారు. సిద్దిపేట జిల్లా యువతి ఒకరు స్తంభం ఎక్కి చూపించి 2021లో ఉద్యోగంలో చేరారు. ఆ అమ్మాయి స్తంభం ఎక్కగలదని తేలడానికి కోర్టు మెట్లు ఎక్కాల్సి వచ్చింది. ఉద్యోగాల్లో లింగ వివక్ష కూడదని రాజ్యాంగం 16వ అధికరణం చెబుతున్న దేశంలో ఇది నాకు చాలా బాధ కలిగించింది.

ఈ మాటలు మనకిచ్చిన బ్రిటన్ వాళ్లే 1975లో లింగ వివక్ష చట్టం తెచ్చి, ‘పోస్ట్‌మన్’, ‘వెయిటర్’, ‘సేల్స్‌గర్ల్’ వంటి పేర్లతో ఉద్యోగ ప్రకటన ఇస్తే వివక్ష చూపే ఉద్దేశం ఉన్నట్టే లెక్కగట్టాలన్నారు, స్త్రీపురుషులిద్దరూ అర్హులేనన్న సూచన అందులో ఉంటే తప్ప. క్రికెట్‌లో నియమావళి చూసే మెరిల్‌బోన్ క్లబ్ 2021లో ‘బ్యాట్స్‌మన్’ను తీసేసి ‘బ్యాటర్’ పెట్టింది. మన క్రీడా పేజీలు ఆ మాటకు ఎంత తొందరగా అలవాటుపడ్డాయో మీకే తెలుసు.

అయితే మాట మార్చినంత మాత్రాన పాత అలవాటు పోదు. మున్సిపాలిటీ వార్తల్లో మగవారైతే చైర్మన్ అనీ, ఆడవారైతేనే చైర్‌పర్సన్ అనీ రాస్తున్నారు. ఇద్దరికీ సరిపోవాలని తెచ్చిన మాటను ఆడవారికే అంటగట్టేశాం. ‘అధ్యక్షులు’ అని రాస్తే ఎవరికైనా చక్కగా సరిపోతుంది కదా. మన తెలుగులోనూ లోపాలున్నాయి, ఆమె ‘వచ్చింది’, అతడు ‘వచ్చాడు’ అంటాం. కానీ ‘వచ్చారు’ అనే గౌరవ వాచకం మనకు ఎప్పటినుంచో ఉంది, వాడుకోవడమే తరువాయి.

మీ పత్రికను నేను కోరేది క్లాసిఫైడ్స్ గురించి. ‘సేల్స్‌గర్ల్స్ కావలెను’, ‘ఆఫీస్ బాయ్ కావలెను’ అని ఎవరైనా తెస్తే, అమ్మకాల సిబ్బంది, ఆఫీసు సహాయకులు అని మార్చి వేయండి. ‘డ్రాఫ్ట్స్‌మన్’ అని వస్తే పక్కన ‘స్త్రీలు, పురుషులు ఎవరైనా’ అని చేర్చండి. అందుకయ్యే అదనపు అక్షరాలకు డబ్బు తీసుకోకండి. ఇక ఐటీఐ ట్రేడుల పేర్లు ఖరారు చేసే కేంద్ర శిక్షణ డైరెక్టరేట్ జనరల్ వచ్చే ప్రవేశాల నాటికే డ్రాఫ్ట్స్‌మన్, వైర్‌మన్ పేర్లు మార్చాలని మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను.

— ఒక ఐటీఐ బోధకురాలు, ఖమ్మం