పడమటి గోడ సందు

కర్నూలు

చి.ల.సౌ. పాపకు నాయన ఆశీర్వదించి రాసేది,

నిన్న నువ్వు వాట్సాప్‌లో పంపిన మీ కొత్త ఇంటి ఫోటోలన్నీ చూశాం. పూజగది కిటికీ బాగుందని మీ అమ్మ అంది. నేను మాత్రం ఏడో ఫోటో దగ్గరే ఆగిపోయాను. ఫోన్లో చెబితే సగం విని "సరే నాయనా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా.

అది పడమటి గోడ పైనుంచి తీసిన ఫోటో. బయటి గోడకూ లోపలి గోడకూ మధ్య సందులో, రెంటినీ కలిపే ఇనప టై మీద కోడిగుడ్డంత సిమెంటు మాలు ముద్ద కూర్చుని ఉంది. నీ కంటికి ఆనకపోవచ్చు. నలభై ఏళ్ళు తాపీ పట్టినవాడికి ముందు కనబడేది అదే.

ఎండ తగ్గడానికి అటువైపు జంట గోడ కట్టాలన్న మీ ఇంజనీరు మాట మంచిదే. అయితే ఆ సందుకు ఇంకో పని ఉంది. బయటి గోడకు ఎంత బాగా ప్లాస్టరింగ్ చేసినా గాలివానకు కొంత నీళ్ళు తాగుతుంది. ఆ నీళ్ళు దాని వెనక ముఖం మీదుగా కిందికి జారి బయటికి పోవాలి, లోపలి గోడను తాకకూడదు. మధ్యలో మాలు ముద్ద అడ్డం పడిందా, చెమ్మ దాని మీదుగా నడిచి లోపలికొస్తుంది.

"అనంతపురంలో వానెక్కడిది సార్" అన్నాడట మీ మేస్త్రి. నిజమే, ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ పడే సీమ అది. కానీ పడే నాలుగు వానల్లో ఒకటి రాత్రంతా ఏటవాలుగా కొడితే చాలు.

ఒకసారి నేనే తప్పు చేశాను. నువ్వు చిన్నపిల్లవి అప్పుడు. ఆదోని దారిలో ఒకాయనకు ఇలాంటి గోడే కట్టి, పని తొందరగా అయిందని మురిసిపోయాను. రెండో వానాకాలం ఆయన పిలిపించాడు. పడకగది గోడ మీద అరచేతంత మచ్చలు, కొలిచి పెట్టినట్టు సమానమైన ఎడంతో. వేలు తగిలిస్తే పెచ్చు ఊడింది, వెనక తెల్లగా ఉప్పు. పైపు లీకేమో అన్నారు, ఆ గోడలో పైపే లేదు. ఒక మచ్చ దగ్గర ఇటుక పీకి చూస్తే టై మీద మాలు ముద్ద, రెండు గోడలకూ అతుక్కుని! మచ్చకొక ముద్ద. సందు అడుగున రాలిన మాలు జానెడెత్తు పేరుకుంది. కూలి తీసుకోకుండా సరిచేశాను. ఆయన ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది.

అప్పటినుంచి చెక్క వాడుతున్నా. సందు రెండంగుళాలైతే అంతకు కొంచెం సన్నటి చెక్క తీసుకుని, రెండు చివర్లా తీగ కట్టి టైల మీద పడుకోబెట్టాలి. పైన కడుతుంటే రాలే మాలంతా దాని మీదే పడుతుంది. మళ్ళీ టైలు పెట్టే ఎత్తు వచ్చాక చెక్కను పైకి లాగి, గీకి, కొత్త టైల మీద పెట్టాలి. రెండు నిమిషాల పని. చెప్పకపోతే ఎవరూ చేయరు. అడుగు వరుసలో అక్కడక్కడా ఇటుక పెట్టకుండా వదిలేయమను. సాయంత్రం ఆ కంతల్లోంచి రాలింది లాగేసి, గోడంతా అయ్యాక మూసుకోవచ్చు.

టైలు గాల్వనైజ్ చేసినవో స్టెయిన్‌లెస్ స్టీలువో తెప్పించు. కమ్మీ ముక్కలు పెడతానంటే ఒప్పుకోకు, తుప్పు పడతాయి. అడ్డంగా మూడడుగులకొకటి, నిలువుగా అడుగున్నరకొకటి. మధ్యలో ఉండే వంపు కిందికి చూడాలి, నీటిచుక్క అక్కడే రాలిపోయేలా. టై లోపలికి వాలితే మనమే నీళ్ళకు దారి చూపించినట్టు.

బయటి గోడ అడుగున, కిటికీల పైన, మూడడుగులకొకచోట రెండు ఇటుకల నడిమి నిలువు సందులో మాలు పెట్టకుండా వదలాలి. నీళ్ళు పోయేది అందులోంచే. తేళ్ళు దూరతాయని అల్లుడికి భయమైతే సన్నటి జాలీ పెట్టించండి, సిమెంటుతో మాత్రం మూయొద్దు. కిటికీ పక్కల రెండు గోడలూ కలిసేచోట మధ్యలో తారు షీటు నిలువుగా పడాలి. సన్‌షేడ్ కాంక్రీటు సందు దాటి లోపలికి పోతుంది కాబట్టి దాని పైనా షీటు వేసి, బయటికి వాలు పెట్టించు.

ఇంకోటి, ఇది అందరూ చేసే పొరపాటు. డీపీసీ, అంటే నేల చెమ్మ గోడలోకి ఎక్కకుండా అడ్డంగా వేసే పొర, నేలకు కనీసం ఆరంగుళాల పైన ఉండాలి. కట్టేటప్పుడు ఉంటుంది. గృహప్రవేశం ముందు వాకిట్లో గ్రావెల్ తోలించి, దాని మీద కడప బండలు పరిచేసరికి డీపీసీ కిందికి పోతుంది. బండలూ వాటి కింది మాలూ కలుపుకుని వాకిలి ఎంత ఎత్తుకొస్తుందో ఇప్పుడే గోడ మీద గీత గీయించు. నేల చెమ్మ సంగతి నీకు చెప్పక్కర్లేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ ఊరిమీద పడి పోయాక మన గోడలు ఎన్నాళ్ళకు ఆరాయో చూశావు కదా.

మేస్త్రిని అందరి ముందూ అనొద్దు. పక్కకు పిలిచి ఆ ఫోటో చూపించు.

బుధవారం పొద్దున బస్సుకు వస్తున్నా. గడ్డం గీసుకునే అద్దం కర్రకు కట్టి, టార్చిలైటుతో సందు అడుగుదాకా చూస్తాను. అంతవరకు పడమటి గోడ మీద ఇంకో వరుస పెట్టనివ్వకు.

మీ నాయన