రసీదు తప్పు నంబరుకు పోతే బాధ్యత ఎవరిది?

సంపాదకుడు గారికి,

హనుమకొండలో ఉంటున్న నా ఫోనుకు వానాకాలం మొదలైనప్పటి నుంచి పరిచయం లేని వారి రసీదులు వస్తున్నాయి. మొదట వచ్చింది పరకాల దగ్గరి రైతు ఒకరు కొన్న ఆరు పత్తి విత్తనాల ప్యాకెట్ల బిల్లు. తరువాత ఒక డయాగ్నొస్టిక్ సెంటరు నుంచి ఒక మహిళ పేరు, వయసు, రక్తపరీక్షల వివరాలు, ఇంకా కట్టవలసిన బాకీతో సహా వచ్చాయి. కింద ఉన్న లింకు నొక్కగానే, పాస్‌వర్డ్ ఏదీ అడగకుండా, ఆమె పూర్తి రిపోర్టు తెరుచుకుంది. వెంటనే మూసేశాను గానీ, ఒక ఆడబిడ్డ ఆరోగ్య విషయం ముక్కూమొహం తెలియని వాడి చేతికి ఇంత సులువుగా రావడం నన్ను చాలా కలవరపెట్టింది.

ఆ సెంటరుకు ఫోన్ చేస్తే, "మీకు వద్దంటే బ్లాక్ చేసుకోండి సార్" అన్నారు. నేను బ్లాక్ చేసుకుంటే నా ఫోను మోగదు, అంతే. ఆమె రిపోర్టు ఆమెకు చేరదు. నేను తపాలా శాఖలో పనిచేసి రిటైరైన వాణ్ని. చిరునామా దొరకని ఉత్తరం, దాని మీద పంపినవారి వివరాలుంటే, తిరిగి వారికే చేరేది, తప్పు జరిగిందని వారికి తెలిసేది. తప్పు నంబరుకు పోయిన రసీదు అలా తిరిగి రాదు, పైగా దుకాణం లెక్కలో అది చేరినట్టే ఉంటుంది.

విత్తనాల బిల్లు పట్టుకుని ఆ దుకాణానికే వెళ్లాను. యజమాని మర్యాదగా విని, పాత పుస్తకం తీసి చూస్తే, రైతు నంబరు చివర 27 ఉండగా కంప్యూటరులో 67 అని ఎక్కింది. రైతు చెప్పిన 'ఇరవై ఏడు' కౌంటరులోని అబ్బాయికి 'అరవై ఏడు'గా వినిపించింది. ఒకరు తెలుగులో, ఒకరు ఉర్దూలో, మరొకరు ఇంగ్లీషులో అంకెలు చెప్పే మన ఊళ్లో ఇది వింతేమీ కాదు. కానీ రేపు మొలక రాకపోతే వ్యవసాయాధికారి మొదట అడిగేది లాట్ నంబరు ఉన్న ఆ బిల్లునే.

బిల్లు ఇవ్వకపోవడం, నమ్మకంతో చెప్పిన వ్యక్తిగత వివరాలను ఇతరులకు వెల్లడించడం రెండూ 2019 వినియోగదారుల పరిరక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతులే. మొబైల్ నంబరు కోసం పట్టుబట్టవద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలోనే వ్యాపారులకు సూచించింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో వివరాలు సరిచేయించుకునే హక్కు ఉంది గానీ అది ఆ వివరాల సొంతదారుది. తన రిపోర్టు ఎటు పోయిందో తెలియని మనిషి దేన్ని సరిచేయమని అడుగుతుంది?

అందుకే నంబరు ఎక్కించాక ఒక్కొక్క అంకె చదివి వినిపించాలని, అడగకుండానే కాగితం బిల్లు చేతికివ్వాలని, ఆ కాగితం మీది కోడ్ కొడితే తప్ప వైద్య రిపోర్టు తెరుచుకోకూడదని, తప్పు నంబరని ఎవరు చెప్పినా అదే రోజు తొలగించాలని వరంగల్, హనుమకొండ జిల్లాల అధికారులు దుకాణాలకు, డయాగ్నొస్టిక్ కేంద్రాలకు గట్టిగా చెప్పాలి. వినని వారిపై జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు.

ఈ వానాకాలంలో పరీక్షలు చేయించుకుని, ఫోనుకు రిపోర్టు రాక ఎదురుచూస్తున్న వారు సెంటరుకు వెళ్లి అక్కడ నమోదైన తమ నంబరును ఒకసారి కళ్లారా చూసుకోవాలని నా మనవి.

— ఒక పాఠకుడు, హనుమకొండ