పాతబస్తీ చప్పుళ్లనూ దాచుకుందాం

సంపాదకుడు గారికి,

చార్మినార్ చుట్టుపక్కల వెండిని సుత్తితో పల్చగా సాగగొట్టి వరఖ్ చేసేవాళ్ల దెబ్బలు ఆ గల్లీలకు ఆనవాలు. యంత్రాలొచ్చాక ఆ చప్పుడు తగ్గిపోతోంది. కట్టడాల ఫొటోలు దాచుకుంటాం, శబ్దాలను మాత్రం పట్టించుకోం. కెనడాలో సంగీతకర్త ముర్రే షేఫర్ బృందం వాంకూవర్ ధ్వనులను రికార్డు చేసి 1973లోనే విడుదల చేసింది. 1990లలో అదే నగరాన్ని మళ్లీ రికార్డు చేశారు కాబట్టి, ఏం మారిందో ఈరోజు చెవులతో పోల్చుకోవచ్చు. మనకు ఆ వీలు లేకుండా పోతుందేమోనని నా బాధ. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒక గది కేటాయించి వరఖ్ దెబ్బలు, లాడ్ బజార్ బేరాలు, దక్కనీ మాటలు వినిపించాలి. ఏవి రికార్డు చేయాలో అక్కడి పనివాళ్లే చెప్పాలి, అందుకు వాళ్లకు డబ్బు కూడా ఇవ్వాలి.

– ఒక పాఠకురాలు, హైదరాబాద్