980 వేయించింది నేనే: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరైన లెక్చరర్‌ని. ఈ ఉత్తరం పెన్షన్ గురించో బకాయిల గురించో కాదు, ఒక అంకె గురించి. ఆ అంకె 980.

ఇంటర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో లఘులోలకం ప్రయోగం ఉంటుంది. దారానికి గుండు కట్టి ఊపి, 20 డోలనాలకు ఎంతసేపు పట్టిందో స్టాప్‌వాచ్‌తో చూస్తారు. దారం పొడవు మార్చి మార్చి చూసి, గ్రాఫ్ గీసి, చివరికి గురుత్వ త్వరణం, అంటే ‘జి’ విలువ లెక్కగడతారు. నా సర్వీసులో ఈ రికార్డులు ఎన్ని దిద్దానో లెక్క లేదు. దాదాపు అన్నింటిలోనూ జవాబు 980 (సెం.మీ./సె²). దారం సాగినా, గుండు గుండ్రంగా తిరిగినా, స్టాప్‌వాచ్ మొరాయించినా 980కి ఢోకా లేదు. పిల్లలు ముందు జవాబు వేసుకుని, అక్కణ్ణుంచి వెనక్కి వస్తూ రీడింగులు అల్లుతారు. మేం చూసీ చూడనట్టు సంతకం పెడతాం.

తమాషా ఏమిటంటే, ధ్రువాల దగ్గర ఎక్కువగా ఉండే జి, భూమధ్యరేఖ వైపు వచ్చేకొద్దీ తగ్గుతుంది. మన హైదరాబాద్ చుట్టుపక్కల అది 978 చిల్లర. ఇంత చిన్న తేడా మా ల్యాబ్ సరంజామాతో తేలదనుకోండి. కానీ నిజంగా ఊపి కొలిస్తే ఒకరికి 965, ఇంకొకరికి 990 రావాలి కదా. అరవై మందికీ 980 వచ్చిందంటే ఎవరూ కొలవలేదన్నమాట.

ఒక ఏడాది ఒకమ్మాయికి 1085 వచ్చింది. ల్యాబ్ అవర్ అయిపోవస్తోంది. "980 వచ్చేట్టు సర్దెయ్యమ్మా" అన్నాను. ఆమె కదల్లేదు. "సార్, గ్రాఫ్ మాత్రం తిన్నగా వచ్చింది. నేను తప్పు చేస్తే చుక్కలు చెల్లాచెదురు కావాలి కదా?" అంది.

మంత్రి గారూ, ఆ ప్రశ్న ఏ గైడులోనూ లేదు. నా దగ్గరా అప్పటికప్పుడు జవాబు లేదు. మర్నాడు సాయంత్రం ఇద్దరం మళ్ళీ లోలకం కట్టాం. మీటరు దారానికి 20 డోలనాలు 40 సెకన్లు పట్టాలి, ఆమెకు ప్రతిసారీ 38 చిల్లరే వస్తోంది. చాలాసేపు చూశాక దొరికింది. స్టాప్‌వాచ్ నొక్కుతూనే ఆమె "ఒకటి" అంటోంది. "సున్నా" అనాలి. ఆమె 20 అనుకున్నవి నిజానికి 19. అన్ని పొడవులకూ అదే తప్పు అదే పాళ్ళలో దొర్లింది కాబట్టి గ్రాఫ్ చెడలేదు, జవాబు మాత్రం పదకొండు శాతం పెరిగింది. సున్నా నుంచి లెక్కపెట్టాక 976 వచ్చింది. ఇరవై ఏళ్ళుగా చెబుతున్న ప్రయోగం నాకూ ఆ సాయంత్రమే అర్థమైంది.

ఆ క్లాసులో లోలకం సూత్రం రానివాళ్ళు లేరు. పొడవు నాలుగింతలైతే ఆవర్తన కాలం ఎంతవుతుందని బిట్ ఇస్తే పది సెకన్లలో పెడతారు. పెట్టాలి కూడా. ఎంసెట్‌లో (ఇప్పుడు ఎప్‌సెట్ అంటున్నారు) 160 ప్రశ్నలకు ఇచ్చేది 180 నిమిషాలే. దాన్ని నేను తక్కువ చేయను, ఆ వేగంతోనే మా పల్లె పిల్లలు ఇంజనీర్లయ్యారు. కానీ తన జవాబు తప్పని తెలిసినప్పుడు కంగారుపడకుండా, తప్పు ఎటువైపు నుంచి వచ్చి ఉంటుందో ఆలోచించడం వేరే విద్య. దాన్నే వివేకం అంటాను నేను. మన పరీక్షల్లో దానికి మార్కులు లేవు. పైగా కోత ఉంది.

ఆ కోత ఎలా ఉంటుందో కూడా చెబుతాను. పబ్లిక్ ప్రాక్టికల్స్‌లో ఆమెకు మళ్ళీ లోలకమే పడింది. నిజాయితీగా 971 వేసింది. ఎక్స్‌టర్నల్‌గా వచ్చినాయన మంచివాడే. నన్ను పక్కకు పిలిచి, "దిద్దించండి సార్, అనవసరంగా రెండు మార్కులు పోతాయి" అన్నాడు. వెళ్ళి చెప్పాను. ఆమె కొట్టేసి 980 వేసింది. ముప్పైకి ముప్పై వచ్చాయి. పేపరిచ్చి వెళ్ళేటప్పుడు నా వంక చూళ్ళేదు.

నేను రిటైరయ్యేనాటికి ఎంపీసీ వాళ్ళ 1000 మార్కుల్లో సైన్స్ ప్రాక్టికల్స్‌వి 60, బైపీసీ వాళ్ళకు 120. అవీ రెండో ఏడాది చివర్లోనే. చాలాచోట్ల ల్యాబ్ తాళం తీసేది జనవరిలో. అందరికీ ఊరికే వచ్చే మార్కులని పేరుపడ్డాయి కాబట్టి వాటి గురించి ఎవరికీ టెన్షన్ లేదు. (సెకండ్ లాంగ్వేజ్‌గా సంస్కృతం తీసుకుని, దేవనాగరిలో తన పేరు రాయలేకుండానే 98 తెచ్చుకున్నవాళ్ళు మా కాలేజీలో చాలామంది. ఆ కథ మరోసారి.) జంబ్లింగ్, అంటే పిల్లలతో వేరే కాలేజీలో ప్రాక్టికల్స్ చేయించడం, పెట్టాలని కొందరు, వద్దని కొందరు ఏళ్ళ తరబడి కొట్లాడుకున్నారు. జంబ్లింగ్ పెడితే మార్కుల దానాలు తగ్గుతాయేమో గానీ, ఏ కాలేజీలో ఊపినా 980 మాత్రం 980గానే వస్తుంది.

పిల్లల చదువు భారం మీద కేంద్రం వేసిన యశ్‌పాల్ కమిటీ 1993లోనే చెప్పింది, పిల్లల మీద బడి సంచి కన్నా పెద్ద బరువు అర్థం కాకపోవడమేనని. ఆ తర్వాత ఎన్ని సిలబస్‌లు మారాయో! నేను సిలబస్ మార్చమనడం లేదు. ప్రాక్టికల్ పరీక్షలో ఒక్క ప్రశ్న మార్చమంటున్నాను.

ఏ కాలేజీకి ఆ కాలేజీ తమ ఊరి చెరువు గట్టు మీదో గుట్ట మీదో ఏరుకొచ్చిన రాళ్ళు టేబుల్ మీద పెట్టాలి. ఒక్కొక్కరికి ఒక్కో రాయి. దాని సాంద్రత ఎంతో కనుక్కోవాలి. జవాబు ఏ రికార్డులోనూ ఉండదు, ఎగ్జామినర్‌కీ తెలియదు. రీడింగులు పెన్నుతోనే రాయాలి, కొట్టివేతలకు మార్కులు తగ్గించకూడదు. వచ్చిన విలువకు మార్కులు వద్దు. ఎలా కొలిచారు, ఎక్కడ తేడా వచ్చి ఉండొచ్చనుకుంటున్నారు, మళ్ళీ చేస్తే ఏం మారుస్తారు, వీటికి ఇవ్వండి.

ఎగ్జామినర్లు ఇష్టం వచ్చినట్టు మార్కులు వేస్తారని మీ అధికారులు అనొచ్చు. నిజమే, కొందరు వేస్తారు. ఇప్పుడు మాత్రం అందరం కలిసి ముప్పైకి ముప్పై వేయడం లేదా? గైడు కంపెనీలు రాళ్ళ మీద కూడా పుస్తకం వేస్తాయని ఇంకొకరు అంటారు. వేయనివ్వండి. ఏ గుట్ట మీద ఏ రాయి ఏరుకుంటారో ఆ పుస్తకానికీ తెలియదు.

దీనికి బడ్జెట్ అక్కర్లేదు, కొలపాత్ర, త్రాసు, నీళ్ళు ఏ ల్యాబ్‌లోనైనా ఉంటాయి. ఇంటర్ బోర్డు నుంచి ఒక సర్క్యులర్ చాలు. అది వచ్చే ఫిబ్రవరి ప్రాక్టికల్స్ లోపల వస్తే, ఆ రోజు ఒక మూల స్టూల్ మీద కూర్చోనివ్వమని మా పాత కాలేజీ ప్రిన్సిపాల్ గారిని అడుగుతాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్