కొల్లూరు మళ్లీ మునిగేలోగా

సంపాదకులకు నమస్కారం.

పులిచింతల జలాశయంలో నీరు బాగా తగ్గిందని తెలిసి మేం నలుగురం విజయవాడ నుంచి కొల్లూరు వెళ్లాం. తెనాలి దగ్గర కొల్లూరు కాదు. బెల్లంకొండ మండలంలో, కృష్ణ ఒడ్డున, ఒకప్పుడు వజ్రాల గనులున్న ఊరు. ముంపుకు ముందు అక్కడే పుట్టి పెరిగిన ఒక పెద్దాయన మాకు దారి చూపారు. నెర్రెలిచ్చిన ఒండ్రు మీద, ముళ్లకంపల మధ్య రెండు గంటలు నడిచాం. దారిలో ఒక్క బోర్డు కనిపించలేదు. ఒక పునాది దగ్గర ఆగి "ఇది మా వాకిలి బాబూ" అన్నారాయన. తర్వాత చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.

17వ శతాబ్దంలో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే, ఈ గనుల్లో దాదాపు 60 వేల మంది పనిచేసేవారని రాశాడు. మగవాళ్లు తవ్వితే ఆడవాళ్లు, పిల్లలు మట్టి మోసేవారు. ఆ మట్టిని నీళ్లతో కడిగి, ఎండబెట్టి, చేటలతో చెరిగి రాళ్లు ఏరేవారు. కోహినూరు ఇక్కడే దొరికిందని చాలామంది నమ్ముతారు. ఆ వజ్రం కథ అందరికీ తెలుసు. మట్టి మోసిన ఆ పిల్లల గుర్తు మన దగ్గర ఏముంది?

మళ్లీ వరద వచ్చేలోగా పురావస్తు శాఖ ఆ స్థలాన్ని కొలిపించి, ఫొటోలు తీయించాలి. వజ్రాల ఆశతో గుంతలు తవ్వేవాళ్లను ఆపాలి. విజయవాడ బాపు మ్యూజియంలో కొల్లూరుకు ఒక గది కేటాయించాలి. అన్నిటికంటే ముందు ముంపు ఊళ్ల పెద్దల మాటలు రికార్డు చేయించాలి. వాళ్లకు వయసు మీదపడుతోంది.

– ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ